మజిలీకి నాలుగు మాటలు: ఏనుగుల వీరాస్వామయ్య నేర్పే దినచర్య

ఆంధ్రకు వెళ్లే బస్సుల కోసం ఇప్పుడు మనం మాధవరం వెళ్తున్నాం. 2018లో అక్కడ బస్‌స్టాండు తెరిచినప్పటి నుంచి తిరుపతి, నెల్లూరు, కడప వైపు వెళ్లే చెన్నై తెలుగువారికి ఆ పేరు నోటికి అలవాటైంది. 1830 మే 18, మంగళవారం రాత్రి ఒక తెలుగాయన తండయార్‌పేటలోని తన తోట నుంచి కాశీకి బయలుదేరి మొదటి మజిలీ చేసింది కూడా ఆ మాధవరంలోనే. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. అప్పటికి రైలు లేదు. రాయపురం నుంచి తొలి రైలు కదలడానికి ఇంకా 26 ఏళ్లు ఉంది. పల్లకీ, బోయీలు, గుడారాలు, వెంట సుమారు నూరు మంది పరివారం. ఆ ప్రయాణం 1831 సెప్టెంబరు 3న మళ్లీ అదే తండయార్‌పేట తోటలో ముగిసింది. మొదటి రోజు, చివరి రోజు కలిపి లెక్కేస్తే 474 రోజులు.

అన్ని రోజుల ప్రయాణంలో ఆయన మజిలీ మజిలీకీ చూసినది రాసుకుంటూ వెళ్లారు. ఆ రాతలే కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా 1838లో అచ్చయ్యాయి. తెలుగులో తొలి యాత్రాచరిత్రల్లో దానిది ముందు వరస.

ఈ వారం ఆయన జీవితాన్ని తలుచుకోవడానికి కారణం ఉంది. మన బడుల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. పిల్లవాడు తెలివైనవాడే కానీ కుదురుగా కూర్చోడు. జూన్‌లో గోడకు అంటించిన టైం టేబులు ఆయుధపూజ దాకా కూడా నిలవదు. రెండో మాట తెలుగు టీచర్లది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు కాగితం మీద నాలుగు వాక్యాలు రాయమంటే పెన్ను ముందుకు కదపరు. ఈ రెండూ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి. వీరాస్వామయ్య చేసిన పని చూస్తే రెండింటికీ మందు ఒకటేనని మాకు అనిపించింది.

తండ్రి లేని బాల్యం

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో పుట్టారు. ఆయన గురించి మనకు తెలిసిన వివరాల్లో ఎక్కువ భాగం ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై పుస్తకం మొదట్లో రాసిపెట్టినవే. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి పోయారు. పెద్ద దిక్కు లేని ఇంట్లో పిల్లవాడి చదువు ఆగిపోవడం అప్పుడూ ఇప్పుడూ మామూలే. ఈ పిల్లవాడి చదువు మాత్రం ఆగలేదు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు బాగా చదవగలిగాడు. చిన్న వయసులోనే కంపెనీ వారి కచేరీలో పని నేర్చుకోవడానికి చేరాడు. తర్వాత తిరునెల్వేలి వెళ్లి అక్కడి కలెక్టరు కచేరీలో దుబాసీ పని చేశాడు. దుబాసీ అంటే రెండు భాషలవాడు, దొరల మాటను జనానికీ జనం మాటను దొరలకీ అందించేవాడు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పనిలో ఇంగ్లీషు, పూజలోనూ పురాణంలోనూ సంస్కృతం. చెన్నపట్టణంలో పెరిగిన తెలుగు పిల్లవాడికి ఆనాడు ఇదే పరిస్థితి. మన పిల్లలకూ దాదాపు ఇదే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత మన బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగుకు పుస్తకాల సంచీలోనూ పిల్లల సమయంలోనూ చోటు ఇరుకైంది. ఇన్ని భాషలు పిల్లల మీద బరువేమో అని బెంగపడే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. వీరాస్వామయ్యకు ఆ భాషలే బతుకుతెరువు అయ్యాయి. తమిళం, ఇంగ్లీషు బాగా నేర్చుకున్నారు. రాయాల్సిన పెద్ద పని వచ్చినప్పుడు తెలుగులో రాశారు.

న్యాయస్థానంలో నేర్చిన ఒడుపు

తిరునెల్వేలి తర్వాత చెన్నపట్టణం తిరిగివచ్చి కొన్ని చోట్ల లెక్కల పని చేశారు. చివరికి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. నేటి హైకోర్టుకు ముందు, 1801 నుంచి, మద్రాసులో ఉన్న న్యాయస్థానం అది. అక్కడి ఇంటర్‌ప్రిటర్లలో పెద్దగా ఆయనకు పేరు వచ్చింది. న్యాయమూర్తుల మన్నన దక్కింది.

ఆ ఉద్యోగం ఎలాంటిదో ఒకసారి ఊహించుకుందాం. సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెబుతాడు. న్యాయమూర్తికి ఆ మాట ఇంగ్లీషులో అందాలి. సాక్షి చెప్పనిది చేర్చకూడదు, చెప్పినది వదలకూడదు. అంకె, తేదీ, ఊరు, పేరు తప్పితే ఒకరి ఆస్తి పోవచ్చు, ఒకరికి శిక్ష పడవచ్చు. ఏళ్ల తరబడి రోజూ ఈ పని చేసిన మనిషికి శ్రద్ధగా వినడం, సూటిగా చెప్పడం ఒంటబట్టి ఉంటాయి. కాశీయాత్ర చరిత్రలో కనిపించే పొందిక అక్కడి నుంచే వచ్చిందని అనుకోవచ్చు. కచేరీలో అలవడిన క్రమం, దారిలో పుస్తకం పట్టుకున్నప్పుడు ఆయనకు తోడు వచ్చింది.

రోజుకు ఏం రాశారు?

న్యాయమూర్తుల దగ్గర సెలవు తీసుకుని యాత్రకు బయలుదేరేసరికి ఆయన వయసు యాభై దగ్గర. దారి తిరుపతి, కడప సీమ, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీకి సాగింది. అక్కడి నుంచి పాట్నా, గయ, కలకత్తా. తిరుగు ప్రయాణం పూరీ జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా.

ప్రతి మజిలీలోనూ ఆయన చూసుకున్న విషయాలు ఇంచుమించు ఒకటే. ఇవాళ ఎంత దూరం నడిచాం, దారి ఇసుకా, నల్లరేగడా, రాళ్లా? మధ్యలో ఏరు ఉందా, దాటడం ఎలా? ఊళ్లో మంచినీళ్లు ఉన్నాయా, బియ్యం, పప్పు దొరుకుతాయా, అంగళ్లు ఎన్ని? దిగడానికి సత్రమో తోపో ఉందా? ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది, దొంగల భయం ఉందా? గుడి ఉంటే దాని వైభవం, రాబడి, అక్కడి ఆచారం. కొలతలు, తూకాలు, నాణేలు మారితే ఆ తేడా. కంపెనీ వారు ఒకే రకం రూపాయిని 1835లో గానీ తేలేదు. అంతకుముందు సీమ దాటితే నాణెం మారేది. అందుకే నాణేల గురించి ఆయన రాసిన ప్రతి ముక్కా వెనక వచ్చే యాత్రికుడికి డబ్బు మిగిల్చేది.

శ్రీశైలం సంగతి తీసుకుందాం. ఆ క్షేత్రం అప్పుడు కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల దగ్గర వసూలు చేసే పన్ను సంగతి, అడవి దారి కష్టం, చెంచుల సంగతి ఆయన నమోదు చేశారు. హైదరాబాదు చేరాక ఆ నగరాన్ని, రెసిడెన్సీని, నైజాం రాజ్యంలోని పరిస్థితుల్ని రాశారు. నేడు 1830 నాటి తెలుగు సీమ ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే చరిత్రకారులు ముందుగా తెరిచే పుస్తకాల్లో ఇది ఒకటి.

టీచర్లకు ఇందులో ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. ఏం రాయాలి అనే ప్రశ్న దగ్గర ఆయన ప్రతి రోజూ కొత్తగా ఆగిపోలేదు. చూసుకోవాల్సిన విషయాల పట్టీ ఆయన మనసులో ముందే ఉంది. దూరం, దారి, నీళ్లు, తిండి, ఊరు, గుడి. రోజు మారితే జవాబులు మారతాయి, ప్రశ్నలు అవే. ఖాళీ కాగితం ముందు పిల్లలు బిగుసుకుపోయేది ఎక్కువగా ప్రశ్న లేకపోవడం వల్లే.

ఇంకొక సంగతి, రాత వేళ వేరుగా పెట్టుకోవాల్సిన పని లేకపోయింది. మజిలీ ఎలాగూ చేయాలి. బోయీలు అలసిపోతారు, వంట కావాలి, ఎండ దిగాలి. ఎలాగూ ఆగే చోటికి ఆయన తన రాతను ముడివేశారు. ఎలాగూ జరిగే పనికి జతచేసిన అలవాటు తప్పిపోయే అవకాశం తక్కువ. కొత్తగా ఒక గంట కల్పించుకుని మొదలుపెట్టినది మొదట ఎగిరిపోతుంది.

కొన్ని మజిలీల గురించి రెండు మూడు వాక్యాలే ఉంటాయి. చిన్న పల్లె, బావి ఉంది, అంగళ్లు ఉన్నాయి, అంతే. కాశీ, కలకత్తా వంటి చోట్ల పుటలకు పుటలు సాగుతుంది. చెప్పడానికి తక్కువ ఉన్న రోజు తక్కువ రాసి ఊరుకున్నారు. రోజుకు ఒక పేజీ నిండాలి అని పట్టుబట్టి ఉంటే కడప దాటేలోగా విసుగొచ్చి మానేసేవారేమో.

చదివేవాడు ఒకడుండాలి

ఈ రాతలు ఆయన పెట్టెలో దాచుకోవడానికి రాసినవి కావు. చెన్నపట్టణంలో ఉన్న శ్రీనివాస పిళ్లైకి తెలియాలని రాసినవి. పిళ్లై పట్టణంలో పలుకుబడి ఉన్న మనిషి. తర్వాతి కాలంలో పచ్చయప్ప ధర్మనిధి పెద్దల్లో ఒకరయ్యారు. దూరాన ఒక స్నేహితుడు ఎదురుచూస్తున్నాడు అన్న ఎరుక ఎంత పని చేయిస్తుందో ఉత్తరాలు రాసిన తరం వారికి చెప్పనక్కరలేదు.

మన బడుల్లో పిల్లల తెలుగు రాతకు చదివేవాడు పరీక్ష దిద్దే టీచరు ఒక్కరే. ఆ చదువు తప్పులు వెతకడానికే. అమ్మమ్మ నెల్లూరులో ఉంటే, మేనత్త చిత్తూరులో ఉంటే, ఆ పిల్ల రాసిన ఐదు వాక్యాలు వాట్సాప్‌లో ఫోటో తీసి పంపిస్తే చదివి మురిసిపోయేవారు ఉన్నారు. అక్షరం కుదురుగా లేకపోయినా వారికి విషయం కావాలి. బదులు వస్తుంది. బదులు వచ్చిన రాత మరునాడు మళ్లీ రాయిస్తుంది.

ఏ తెలుగులో రాశారు?

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. ఆ తర్వాత చాలా కాలం వచనమంటే గ్రాంథికమే అనే పట్టు బడుల్లో సాగింది. వీరాస్వామయ్య అంతకు రెండు దశాబ్దాల ముందు, అదే చెన్నపట్టణంలో, తాను మాట్లాడే తెలుగుకు దగ్గరగా రాశారు. కచేరీల్లో వాడే హిందుస్తానీ మాటలు, దొరల ఇంగ్లీషు మాటలు, ఇక్కడి తమిళ వాసన అన్నీ ఆ తెలుగులో కలిసి ఉన్నాయి. వ్యాకరణ పండితుడు చూస్తే ఎర్రసిరా గుర్తులు చాలానే పెట్టగలడు. అయినా రెండు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న ఈనాడు కూడా ఆ వాక్యాలు చదివితే విషయం అర్థమవుతుంది.

మన పిల్లల తెలుగు చెన్నై తెలుగు. అందులో తమిళం దొర్లుతుంది, ఇంగ్లీషు దొర్లుతుంది. ఆ కలగలుపు చూసి ఇంట్లో నవ్వితే, బడిలో కొట్టివేస్తే, పిల్లలు రాయడమే మానుకుంటారు. పరీక్ష తెలుగు పరీక్ష పుస్తకంలో నేర్పుదాం. రోజువారీ రాతలో మాత్రం వాళ్ల తెలుగు వాళ్లను రాయనిద్దాం. రాయగా రాయగా మాట తేటపడుతుంది. రాయని పిల్లవాడి తెలుగును దిద్దడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

తిరిగి వచ్చాక

యాత్ర ముగిశాక ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. 1836లో కన్నుమూశారు. తన రాతలు పుస్తకంగా రావడం ఆయన చూడలేదు. రెండేళ్లకు, 1838లో, శ్రీనివాస పిళ్లై వాటిని అచ్చువేయించారు. 1869లో రెండో కూర్పు వచ్చింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించి మళ్లీ తెచ్చారు. ఆ శ్రమ లేకపోతే వీరాస్వామయ్య పేరు మనలో చాలామందికి తెలిసేది కాదు.

ఒక ఉద్యోగస్తుడు, కవి అన్న పేరు లేనివాడు, ఒక యాత్రలో మజిలీకి కొంత చొప్పున రాసుకున్నది ఒక కాలానికి సాక్ష్యమై నిలిచింది. ఆయన ఒక్కసారిగా కూర్చుని పెద్ద గ్రంథం రాద్దామనుకుని ఉంటే, ఇల్లు చేరాక తీరిగ్గా రాద్దాంలే అని వాయిదా వేసి ఉంటే, ఏ ఊళ్లో నీళ్లు ఉన్నాయో ఏ ఏరు ఎక్కడ దాటారో గుర్తుండేది కాదు. ఐదేళ్లలో మనిషే లేకుండా పోయారు.

ఆయనకు ఉన్నవి, మనకు లేనివి

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. వీరాస్వామయ్య కలిగినవారు. పల్లకీ మోసేందుకు బోయీలు ఉన్నారు, వండిపెట్టేవారు ఉన్నారు, సెలవు ఇచ్చే దొరలు ఉన్నారు. కులం విషయంలో, ఆచారం విషయంలో ఆయన తన కాలపు మనిషి. ఆయన చేతిలో ఉన్న తీరిక, చాకలిపేటలో ఒక గదిలో నలుగురు ఉండే ఇంటి పిల్లవాడికి లేదు. ఉదయం ఐదుకు లేచి రెండు బస్సులు మారి పనికి వెళ్లే తల్లికి అసలే లేదు. క్రమశిక్షణ ఒక్కటి ఉంటే చాలు, ఎవరైనా ఆయనలా కావచ్చు అని చెబితే అది ఆ తల్లికి అన్యాయం.

అందుకే ఆయన నుంచి తీసుకోవాల్సినది చిన్నదిగా, ఖర్చు లేనిదిగా ఉండాలి. పిల్లవాడి అలవాటు వెనక ఇంట్లో ఎవరో ఒకరు మోస్తున్నారని కూడా గుర్తుంచుకోవాలి. దీపం పెట్టినట్టు రోజూ నోటుబుక్కు ముందు పెట్టేవారు, టీవీ పది నిమిషాలు ఆపేవారు లేకుండా ఏ పిల్లవాడూ ఒంటరిగా అలవాటు నిలబెట్టుకోలేడు.

ఇంట్లో, బడిలో

వచ్చే నెల రోజులు ఇలా చేసి చూద్దామని మా సూచన.

మొదటిది, రాతకు కొత్త వేళ వెతకవద్దు. ఎలాగూ జరిగే పనికి కట్టండి. బడి నుంచి వచ్చి టిఫిను తిన్నాక, లేదా రాత్రి కంచం కడిగాక. బడిలో అయితే తెలుగు పీరియడు మొదటి ఐదు నిమిషాలు.

రెండోది, నాలుగు ప్రశ్నలు పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టండి. ఇవాళ ఎక్కడికి వెళ్లాను? ఏం చూశాను? ఏం తిన్నాను, దాని ధర ఎంత? ఎవరితో మాట్లాడాను? ప్రశ్నలు మార్చవద్దు. రోజూ కొత్త అంశం ఇస్తే టీచరుకే అలసట.

మూడోది, నాలుగు వాక్యాలు చాలు. ఇంకా రాస్తానంటే రాయనివ్వండి. ఒంట్లో బాగాలేని రోజు ఒక్క వాక్యం రాసినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఒక రోజు తప్పితే మరునాడు రెండు రోజులది రాయించవద్దు. అప్పు పేరుకుంటే పిల్లలు పుస్తకమే దాచేస్తారు.

నాలుగోది, చదివే మనిషిని ఏర్పాటు చేయండి. వారానికి ఒకసారి తాతయ్యకో అమ్మమ్మకో చదివి వినిపించాలి, లేదా పంపించాలి. బడిలో పక్క బెంచీ స్నేహితుడితో పుస్తకాలు మార్చుకోవచ్చు. టీచరు నెలకు ఒకసారి చూస్తే సరిపోతుంది. చూసినప్పుడు విషయం గురించి ఒక మాట రాయండి, ఎర్రసిరా పక్కన పెట్టండి.

ఐదోది పెద్దల కోసం. ఇంట్లో అమ్మో నాన్నో ఎవరో ఒకరు కూడా రోజుకు రెండు వాక్యాలు తెలుగులో రాయాలి. పాల లెక్క అయినా సరే. మన తరంలో తమిళ మాధ్యమంలో చదివి తెలుగు రాయడం రానివారు ఉన్నారు. అలాంటి ఇంట్లో పిల్లవాడే అమ్మకు అక్షరాలు నేర్పవచ్చు. నేర్పినవాడు మరిచిపోడు.

ఈ అలవాటు తెలుగుతో ఆగిపోదు. రోజూ ఒకే వేళకు కూర్చుని, చూసినది గుర్తుచేసుకుని, నాలుగు వాక్యాల్లో పెట్టగలిగిన పిల్లవాడికి సైన్సు ప్రయోగం రాయడం కష్టం కాదు, తమిళ వ్యాసం రాయడం కష్టం కాదు. మనసు కుదురుపడటం ఒక చోట నేర్చుకుంటే మిగతా చోట్లకు అది వెంట వస్తుంది. న్యాయస్థానంలో నేర్చినది వీరాస్వామయ్యకు కాశీ దారిలో పనికొచ్చినట్టే.

నెల తర్వాత పుస్తకంలో నూటికి పైగా వాక్యాలు ఉంటాయి. అందులో రాయపురం బజారులో చేప ధర ఉంటుంది, బడి ముందు నీళ్లు నిలిచిన రోజు ఉంటుంది, అమ్మమ్మ చెప్పిన పాత సంగతి ఉంటుంది. ఆ పుస్తకాన్ని పాత పేపర్లతో పాటు తూకానికి వేయకండి. శ్రీనివాస పిళ్లై తన స్నేహితుడి కాగితాలు భద్రంగా ఉంచినట్టు మన పిల్లల కాగితాలు మనం ఉంచుదాం. పేరు, తరగతి, తేదీ పైన రాసి, సంవత్సరానికి ఒకటి చొప్పున బీరువాలో పెడదాం.